ఆరుద్రకు వోల్టేజి తగ్గిన చలికాలం

సిరోంచల ఫీడర్ పడిపోతే
మొదలు పిండిగిర్ని ఊకుంటది,
తర్వాత టీవీలు,
ఆఖరుకు ప్రాణహిత వినబడుతది.

స్తంభం ఎక్కెటోనికి పైకి చూసుడే పని.
తీగ చూస్త, పింగాణి చిప్ప చూస్త,
ఆ రెండిటి నడుమ ఒక ఎర్ర చుక్క.
మా అవ్వకు అది ఆరుద్ర:
తడి దుక్కిల మఖమల్ పురుగు,
అరచేతిల పెడితే కాళ్ళు ముడుచుకునే ఎరుపు.
వాంఖడే సారుకు కాక్షి.
తొమ్మిదిల ఉన్నప్పుడు మరాఠీల చెప్పిండు:
ఒక్క చుక్కను ఒంటరిగ అడిగితే నిజం చెప్పదురా,
ఇరుగు పొరుగును నిలబెట్టి అడుగు.

గట్లనే అడిగిన.
రోహిణి కన్న ఎంత తక్కువ?
పునర్వసు పెద్ద చుక్క కన్న ఎంత?
లైను రిజిస్టర్ వెనక పేజీల, పెన్సిల్‌తోని:
కార్తీకం దాటంగ సున్నా పాయింట్ ఎనిమిది.
పుష్యంల ఒకటి పాయింట్ ఐదు.
ఈ లెక్కల అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు,
బాకీ లెక్క.

నా కండ్లే పోయినయనుకున్న.
అహేరి దవాఖానకు బస్సెక్కి పోయి
గోడ మీది అక్షరాలు ఆఖరు వరుస దాక సదివిన.
కండ్లు మంచిగనే ఉన్నయి.
చుక్కే తగ్గుతున్నది.

మాఘంల ఒక రాత్రి
ఉడత కాలిన జంపర్ దొరికింది, కట్టిన కూడ.
ఫ్యూజు చేతిలనే ఉన్నది.
ఫోన్ల సాయెబు: ఫాల్టు దొరికిందా?
చూస్తున్న సార్, అన్న.
అబద్ధం కాదు.
పది నిమిషాలు. ఎడమ భుజం చుక్క
కుడి భుజం చుక్కతోని సమానమయ్యెదాక చూసి,
ఒకటి పాయింట్ ఆరు,
ఫ్యూజు పెట్టిన.

తెల్లారి మల్లుబాయి చెప్పింది
(నా మీద కోపంతోని కాదు, కరెంటు మీద):
ఆవిరి మిషిను ఆగి
మనుమడు గోడ పట్టుకొని దగ్గిండట,
పెదవులు నేరేడు పండ్లయినయట.
పోరడు మంచిగనే ఉన్నడు.
నాకు చాయ కూడ పోసింది.

చైత్రంల వెలుగు మళ్ళొచ్చింది.
దాని ధూళే దానికి అడ్డమొచ్చిందని
రేడియోల ఎవరో అన్నరు.
నేను ఆ పేజీ చింపలే.
ఒకటి పాయింట్ ఆరు కింద
రాసే ఉన్నది: పది నిమిషాలు.

ఇప్పుడు ఫ్యూజు పెట్టినంకనే
ఇసుక లారీల బాట దాటి రేవు దాక నడుస్త.
కండ్లకు చీకటి అలవాటయ్యేదాక
నీళ్ళ దిక్కు మొఖం పెట్టి కూసుంట,
ఊరి వెలుగు వీపు మీద పెట్టుకొని.