ఎలాంటి తీపి?

రెండో బుధవారం. ఎనా స్టేషన్లో
ఒంటి బోగీ రైలు కునుకు తీస్తూ ఉంటుంది.
చిజురు ముందెక్కి, కిటికీ పక్క సీటు నాకు వదులుతుంది.
"చూడ్డం నీది, తినడం నీది, చెప్పడం నీది.
నాది వినే పని."

మూడేళ్ల కిందటి జ్వరం
ఆమె నాలుక మీద ఉన్నదంతా ఊడ్చుకుపోయింది.
ఉప్పు లేదు, పులుపు లేదు.
టీ అంటే వేడినీళ్లు, చేప అంటే తడిసిన దూది.
అయినా ఈ తిరుగుడు మానలేదు.
ఇచినోమియా ఉన్ని మిల్లులో ఇరవై ఆరేళ్లు
పక్కపక్క మగ్గాలు మావి.
నా దారం తెగితే నాకంటే ముందు తనకే తెలిసేది.

మొదట్లో నాకు చేతయ్యేది కాదు.
"తియ్యగా ఉంది" అనేదాన్ని.
"చక్కెర డబ్బా కూడా ఆ మాటే చెబుతుంది.
ఎలాంటి తీపి?"
నిలదీసి నిలదీసి నన్ను దారిలో పెట్టింది.

ఇనుయామాలో పుల్లకి గుచ్చిన దాంగో:
"పైన సోయా మాడి చిరుచేదు,
లోపల పిండి, నోరు మెదపడం లేదు."
తలూపింది.
తకయామాలో అదే దాంగో. పాకం ఉంటుందని కొరికానా,
తీపి జాడే లేదు, ఉత్త సోయా!
"మోసం" అన్నాను.
"ఈ రుచి నాకూ తెలిసింది" అని నవ్వింది,
"నీ మొహంలో."

సెంబే మాత్రం తనే తింటుంది.
కళ్లు మూసి, పటుక్కున కొరికి,
ఆ చప్పుడు చివరంటా విని
"నిన్నటిది" అని తీర్పు చెబుతుంది.
ఒకసారి కొట్టువాడు ఒప్పేసుకున్నాడు.
చెవులు ఎర్రబడ్డాయి పాపం.

ఇవాళ ఇవామురా.
కోటకొండ కింద వాలుగా పాకే వీధి.
గుమ్మం గుమ్మానికీ నీలిరంగు తెర,
తెర మీద ఆ ఇంటి ఇల్లాలి పేరు.
చిజురు ఒక్కో పేరూ పైకి చదువుతూ నడిచింది,
హాజరు పిలుస్తున్నట్టు.

వంపు దగ్గర ఓగిసో గారు
గొహేయి మోచి కాలుస్తున్నాడు.
దంచిన అన్నం పుల్లకి అదిమి, అక్రోటు మిసో పట్టించి.
నిప్పుల మీద పూత బుడగలు కక్కుతోంది.
"ఆగండమ్మా" అంటూనే ఉన్నాడు.
నాకెక్కడ ఆగుతుంది?
చుర్రుమంది.
"ఊఁ, ఎలా ఉంది?"
"వేడి."
"తర్వాత?"
"ఇంకా వేడి."

ఎన్ని నీళ్లు పుక్కిలించినా నాలుక తిరిగి రాలేదు.
తిరుగు రైల్లో, పొద్దున ఎనాలో కొన్న పొట్లం విప్పాను.
కురికింతోన్. ఈ ఏటి మొదటి చెస్ట్‌నట్ ముద్ద,
గుడ్డలో వేసి మెలిపెట్టిన గుర్తు నెత్తిన ఇంకా ఉంది.
నోట్లో వేసుకున్నాను.
తడి ఇసుక. అంతే.
మూడేళ్లుగా ఈమె ఉంటున్న గది ఇదా,
ఒక్క దీపం కూడా లేదే.

నా మొహం చూసిందేమో,
మిగిలిన ముద్దలో సగం విరిచి నమిలింది, తొందర లేకుండా.
"విను" అంది.
"ముందు పొడిపొడిగా, పాత పెట్టె మూత తీసినట్టు.
తర్వాత నూనె లేని నునుపు.
తీపి గుమ్మం దగ్గరే చెప్పులు విప్పి నిలబడింది,
పిలిస్తే గాని లోపలికి రాదు."

నిజంగానే తెలిసిందా?
నిరుడు అక్టోబరులో నేను వడ్డించిన మాటలే
వేడిచేసి నాకు పెడుతోందా?
అడగలేదు.
"ఉప్పు?" అన్నాను.
"చిటికెడు" అంది, ఏమాత్రం తడుముకోకుండా.

రైలు గొకురాకు స్టేషన్లో ఆగింది.
పేరుకి స్వర్గం.
ఎవరూ దిగలేదు, ఎవరూ ఎక్కలేదు.
మిగిలిన కాస్త ముద్దా కాగితంలో చుట్టి
సంచి అడుగున దాచాను.
రేపటికి నాలుక మానితే
ఆ చిటికెడు ఉందో లేదో చూడాలి.