కార్పొరేటరును కడగవలెను

నాకు కార్ల సంగతి తెలియదు.
ముప్పై రెండేళ్ళు మింట్ స్ట్రీట్ ప్రెస్సులో
తెలుగు ప్రూఫులు దిద్దాను, అంతే.
ఆ ఒక్క కారణానికే
పుదుపేటలో టైర్ల కొట్టు మీది గదికి
ఆదివారం పొద్దున నన్ను పిలిపించారు.

నలుగురున్నారు. కాగితాలు ఎగురుతాయని
ఫ్యాను ఆపేసి చెమటలు కక్కుతున్నారు.

ఇళంగో ఏ ఫోటో ఇచ్చినా
మనుషుల్ని దాటుకుని వెళ్ళి
హెడ్‌లైటు చూసి సంవత్సరం చెబుతాడు.
తిలకవతి పాత కార్ల బ్రోచర్లను
పట్టుచీరల బీరువాలోనే దాస్తుంది,
చీరలు కింది అరకి దిగాయి.
రాయపురం ఆర్దేశిర్ గారు ఎనభై దాటినాయన.
దాచుకున్న ఫోటో ధారాళంగా ఇచ్చేస్తారు,
ఇచ్చాక "ఒక్కసారి చూసిస్తాను" అని
వెనక్కి తీసుకుంటారు.
కుర్రాడు జెరాల్డ్ పెరంబూరు నుంచి స్కానరు తెచ్చాడు,
బస్సులో, ఒళ్ళో పెట్టుకుని.

నా ముందు పెట్టింది ఒక ఆస్టిన్ కారు పుస్తకం.
అట్ట లేదు. ఒక మూల చెదలు తినేసింది.
అచ్చంతా ఇంగ్లీషు,
అంచులంతా తెలుగు.
కాపీయింగ్ పెన్సిలు, తడి తగిలిన చోటల్లా
ఊదారంగు తిరిగిన అక్షరాలు.
"ఇన్నాళ్ళూ తిప్పి పక్కన పెట్టేవాళ్ళం.
ఏముందో చదవండమ్మా."

చదివాను.
"కార్పొరేటరును విప్పి కిరసనాయిలుతో కడగవలెను."
నవ్వాగలేదు. మా వార్డులో
ఆ వైద్యం చేయించాల్సిన వాళ్ళు ఇద్దరున్నారు.

"పాయింట్ల సందు బ్లేడు మందము.
కొత్త బ్లేడు. గడ్డము గీసినది పనికిరాదు."

"వానకు మొరాయించిన తిట్టరాదు.
మూత తీసి పొడిగుడ్డతో తుడిచి
ఒక బీడీ కాల్చుకొని
మరల తిప్పవలెను."

ఇళంగో గబగబా రాసుకుంటున్నాడు,
నేను అరవంలో చెబుతుంటే.
ఆర్దేశిర్ గారు కళ్ళు మూసుకుని
తొడమీద వేళ్ళతో తాళం వేస్తున్నారు.

"తిరుత్తణి పోయి వచ్చినది. రెండు మార్లు నీళ్ళు.
చిన్నమ్మగారికి వాంతి."

తర్వాత, గేర్ల బొమ్మ పక్కన:
"ఈ దినము బండి నాది కాదని గుర్తు చేసిరి."

ఎందుకో రాయలేదు.
పదకొండు పేజీలు అంచులు తెల్లగా ఉన్నాయి.
పన్నెండో పేజీలో మళ్ళీ
"బ్రేకు నూనె మార్చితిని."
ఆఖర్న సంతకం: డ్రైవరు వెంకటముని, పుత్తూరు.

తిలకవతి లేచి ఒక ఫోటో తీసింది,
ఈ పుస్తకంతో పాటే కొన్నదట.
అదే బండి. ముందు తెల్లబట్టల్లో ఆరుగురు.
ఎడమ అంచున, కత్తెర పడిన చోట
ఒక మోచేయి, పైకి మడిచిన చొక్కా చేయి.
ఇళంగో కూడా హెడ్‌లైటు చూడలేదు.
ఆయనే అని
మాలో ఎవరమూ అనలేదు.

జెరాల్డ్ స్క్రీను మీద వేలుపెట్టి అడిగాడు,
"ఈ ఆయిలు మరక తుడిచేయనా?"
మరక కాదు, బొటనవేలు.
రేఖలు లెక్కపెట్టొచ్చు.
అప్పటికే నా చేయి సంచీలో
ఎర్రపెన్ను వెతుకుతోంది,
ముప్పై రెండేళ్ళ అలవాటు,
ఆ 'కార్పొ' కింద గీత పెట్టడానికి.
"ఉండనీ" అన్నాను.
మా ఇద్దరికీ సరిపోయింది ఆ మాట.

ఐదు కాపీలు తీశాం. అసలు పుస్తకం
తిలకవతి బీరువాకి వెళ్ళింది,
ఇంకో రెండు చీరలు కిందికి దిగాయి.
ఒక కాపీ సేలంలో అదే ఆస్టిన్ ఉన్న
కంటి డాక్టరు గారికి పోస్టు చేశాం.

కార్తీకంలో ముసురు పట్టిన రోజు
ఫోను మోగింది. అవతల ఎవరూ మాట్లాడలేదు.
ముందు దగ్గు, ఆపైన ఇంకో దగ్గు,
ఆ తర్వాత
ఆగకుండా గుడగుడమంటూ ఇంజను.
ఆ చప్పుడు మీదుగా డాక్టరు అరిచాడు:
"అమ్మా, అంతా ఆయన రాసినట్టే చేశాను,
నాకు బీడీ అలవాటు లేదు,
దాని బదులు
టీ తాగాను, పరవాలేదా?"