అరిగిన వైపు

ముందు గిన్నె చూపించు,
పేరు తర్వాత చెబుదువుగాని.
నలభై ఒక్కేళ్లుగా ఈ కొలిమి ముందు కూర్చున్నాను.
కాస్తమోను ఊరి వంటిళ్లన్నీ
మసి మొహాలతో నా దగ్గరికే వస్తాయి.

పూత పోయిన రాగిలో పులుపు వండితే
విషం.
అందుకే తగరం. మా ఊళ్లో దాన్ని కలాయ్ అంటారు.
రాగి కాలి ఎర్రబడే వేళకి నవాసారం చల్లి,
తగరం ముక్క ఆనించి
దూదితో ఒక్క తుడుపు తుడిస్తే చాలు,
పెళ్లివంటల అండాలో తెల్లారుతుంది.

తొమ్మిదో ఏట మా మామ నన్ను అండాలో దించాడు.
కాళ్ల కింద తడి ఇసుక, గోనెపట్టా.
గోడకి దిగ్గొట్టిన కర్ర పట్టుకుని
నడుము తిప్పమన్నాడు, ఇటూ అటూ.
తోమడమంటే అదే.
బజారు పిల్లలు చప్పట్లు కొట్టి నవ్వారు.
ఆ చలికాలం నా పాదాలు తిన్నంత రాగి
ఎవరూ తిని ఉండరు.

మొన్న మంగళవారం,
మంచు కరిగి వీధంతా చిత్తడి.
మినీబస్సు దిగి నజిరే వచ్చింది,
గోనెసంచి ఈడ్చుకుంటూ.
గుమ్మరించింది.

గంజిలా చిక్కటి తర్హనా కాచే తప్పెల,
అడుగున మాడిన మచ్చ, మేక కన్నంత.
రేగు... కాదు, ఆలుబుఖారా పాకం మీద
నురగ తీసే చిల్లుల గరిటె,
మూడు చిల్లులు పూడిపోయి.
పొడుగు కాడ కాఫీ గిన్నె:
పెళ్లిచూపుల నాడు
పంచదారకి బదులు ఉప్పేసి పంపింది ఇందులోంచేనట.
ఆయన మొహం చిట్లించకుండా తాగాడు,
పెళ్లయింది.

ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని తినే పెద్ద పళ్లెం.
చెంచాలు గీసిన గీతల్ని బట్టి
ఎవరి చోటు ఏదో చెప్పగలను.
ఇక్కడ పెద్దాయన, బరువు చెయ్యి.
ఇక్కడ పిల్లలు, గీతల మీద గీతలు.
మరి ఈ నున్నటి చోటు?
"నాది" అంది నజిరే.
"వడ్డించి వచ్చేసరికి చెంచాకి పెద్ద పనుండేది కాదు."

ఆఖరున గరిటె.
అత్తగారు ముకెర్రెమ్‌ది. కార్తీకపు చలి మొదలవగానే పోయిందావిడ.
ఎడమ అంచు
కోసిన గోరులా అరిగిపోయి ఉంది.
కుడిచేత్తో కలిపేవాళ్ల గరిటె ఎడమవైపే అరుగుతుంది,
అరవై ఏళ్లు తప్పెల గోడని గీకితే.

నజిరేది పుర్రచేతి వాటం.
పన్నెండేళ్లు ఆ గరిటె తన చేతిలో ఎదురు తిరిగింది.
పాలు అడుగంటేవి,
మాటలు పడేది.
"రెండువైపులా సమంగా కత్తిరించు" అంది.

కత్తెర తీశాను.
ఊరికే, చెయ్యి ఆగక, ఒక మాట అన్నాను:
"పోయిన ఈ కాస్త రాగి ఎక్కడుందో తెలుసా?
నీ మొగుడి ఎముకల్లో వెతుక్కో.
నీ పిల్లల పళ్లల్లో."

ఆమె నవ్వలేదు.
గరిటె లాక్కుని
కుడి అంచు మీద బొటనవేలు రాసింది.
అది పదునుగా, కొత్తదిలా,
ఎవరూ ముట్టని పొలంలా ఉంది.
"ఇది ఆవిడ తాకనేలేదు" అంది మెల్లగా.
"పూత ఒక్కటే వెయ్యి."

వేశాను.
తగరం తూచి లెక్క చెప్పాను, గరిటె కలపకుండా.
ఎందుకంది.
"ముప్పాతికే ఉంది కదమ్మా."

ఎడమచేత్తో పట్టుకుని
కొలిమి మీంచి లేచే వేడిని
ఒకసారి అడుగు దాకా కలిపి చూసింది.
బాగుందనీ అనలేదు, లేదనీ అనలేదు.
సంచిలో అన్నిటికంటే పైన పెట్టుకుంది.

బస్సు ఆగే చోటు దాకా
ఆ సంచి మోగుతూనే ఉంది.