రెండో అడుగు చప్పుడు

పోలీస్ స్టేషన్ నుంచి కాయితం తెమ్మన్నది సబీహా మేడం.
ముప్పై ఏండ్లు డీజిల్ షెడ్డుల
ఇంజన్ల కడుపులు కడిగిన మనిషిని.
కాజీపేటల ఎవ్వలనన్న అడుగు,
కొమురెల్లి అసొంటోడు కాదంటరు.
"అంటరన్నా" అన్నదామె,
"అననీకె నోరు రానోళ్ల కోసం ఈ కాయితం."

అలిగి రెండు ఆదివారాలు పోలేదు.
గ్రౌండుల పిల్లల విజిళ్లు
మా క్వార్టర్ కిటికీ దాకా వచ్చి పోయినయ్.
ఊకెనే వచ్చి తాడు ముళ్లు నేర్పేటోన్ని,
నా మెడకే ముడి వెడ్తరా అని
మా ఇంటామె మీద కసురుకున్న.
చాయ గ్లాసు పెట్టి ఆమె ఏం అనలేదు.
మూడో వారం సంతకం పెట్టిన.
కోపంగనే పెట్టిన, పెన్ను కాయితాన్ని చింపింది.

పాకాల క్యాంపుల నడిజాము.
"సార్, కడుపు నొస్తుంది" అన్నడు జోయెల్,
ఆరో తరగతి, గుడారం లోపలి నుంచి.
టార్చి తీసుకొని లేచిన.
నాలుగడుగులేసి
నా కాళ్లే ఆగినయ్.

మర్లవోయి దయాకర్‌ను లేపిన.
తిట్టుకుంట లేచిండు, లుంగీ సదురుకుంట.
పోరన్ని బయటికి పిలిచి
చాప మీద, లాంతరు ఎల్తుర్ల
వాము నీళ్లు తాపినం.
"ఇద్దరెందుకొచ్చిన్రు సార్?"
"ఒకలం నీళ్లు తాపుతం,
ఒకలం దోమలు కొడ్తం" అన్న.
నవ్విండు, నవ్వితే నొప్పి లేసి మల్ల ముడుసుకున్నడు.

వాడికి చెప్పనిది:
ఎన్కట గసొంటి గుడారంల నేనున్న.
టార్చి ఒక్కటే వచ్చింది.
దాని ఎనుక ఇంకో మనిషి
అడుగు చప్పుడు వినవడ్తదేమో అని
చెవులు రిక్కవెట్టి పన్న.
చెరువు మీద ఏదో పిట్ట అరిసింది గని
అడుగు వినరాలే.
ఆ సారు గురించి గుడ
ఊర్ల ఎవ్వలనన్న అడుగుమనేటోళ్లు.

తెల్లారగట్ల జోయెల్ నిద్రవోయిండు.
దయాకర్ కూసున్నకాడనే గురక.
మోచేత్తోని పొడిసిన.
"పోరడు పన్నడు గదనే" అన్నడు.
"నువ్వు పండకు" అన్న.

ఈ ఏడు కాయితం పాతదైందట.
ఎవ్వలు అడుగకముందే పోయి లైన్ల నిలవడ్డ.
"దేనికి కాకా ఇది?" అన్నడు రైటర్.
తాడు ముళ్లకు, అన్న.
ఆయనకు సమజ్ కాలేదు.
అయినా ముద్ర కొట్టిండు.