రబ్బరు పొడి

నా పని గంట నొక్కడం.
మనిషికి రెండు నిమిషాలు.
అనువాదం కూడా ఆ రెండింట్లోనే అని నిబంధన,
అంటే స్పానిష్‌లో మాట్లాడేవాళ్ళకి ఒకటే.
పదకొండేళ్ళుగా నొక్కుతున్నాను,
ఈ లెక్క ఆ రాత్రి తట్టింది.

మా కౌన్సిల్లో ఏడుగురు.
ఏడుగురూ కొండమీది నాలుగు వీధులవాళ్ళే,
ఒకరి పెరట్లో మాంసం కాలిస్తే ఆరిళ్ళకి వాసన.
కాలవకి ఈవల, పియర్ పళ్ళ షెడ్ల వెనక
ఊళ్ళో సగం జనం, ఓటర్లలో మూడోవంతు.
ఊరంతా ఒకే పెట్టె అయినన్నాళ్ళూ
ఆ మూడోవంతు సముద్రంలో కాకిరెట్ట.

కోర్టు కళ్ళెర్రజేశాక నిపుణుడొచ్చాడు,
ఊరిని ఏడు ముక్కలు చేసే మ్యాపులతో.
మొదటిదాంట్లో కాలవ వీధిని
దోసకాయలా నిలువునా చీల్చాడు.
రెండోదాంట్లో అందర్నీ ఒకే సంచిలో కూరి మూతి కట్టాడు.
మూడోదానికి ప్రొజెక్టర్ మొరాయించింది.

అప్పుడు లేచింది ఎవుసేబియా కాంతొరాల్,
షెడ్డులో పళ్ళు ఏరే మనిషి.
పియర్లు చుట్టే పల్చటి కాగితాలు నాలుగు అంటించి
పెన్సిలుతో తనే గీసుకొచ్చింది.
"పిల్లలు ఒకే బస్సెక్కేది ఇక్కణ్ణించి ఇక్కడికి.
ఎండాకాలం కుళాయి ఆగిపోయేది ఇక్కణ్ణించి ఇక్కడికి.
అంబులెన్సు దారి తప్పేది ఇదిగో, ఈ మలుపులో.
ఇదంతా కలిపి ఒక..."

గంట నొక్కాను.

వెనక వరసలోంచి బఖ్తావర్ సింగ్ ధిండ్సా లేచాడు.
ఆయన వంతు కాదు.
"పట్టాల అవతల నలభై ఇళ్ళం, అమ్మా.
మా కుళాయీ ఆగిపోతుంది.
నీ గీత మా గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిందేం?"

ఆమెకి తెలుసు ఎందుకో.
ఆ నలభై ఇళ్ళూ కలిపితే
తనవాళ్ళ లెక్క సగానికి కాస్త కిందికి దిగుతుంది.
నిపుణుడు వేళ్ళు మడిచి మరీ చెప్పాడు.
కొండమీదివాళ్ళలో ఒకాయన నవ్వుకున్నాడు,
తగువు తనంతట తానే తీరుతోందని కాబోలు.

చాలాసేపు కాగితం వైపే చూసింది.
తర్వాత నా బల్ల దగ్గరికొచ్చి రబ్బరు అడిగింది.
ఇచ్చాను. గట్టిగా తుడిచింది. కాగితం చిరిగింది.
చిరుగు మీద టేపు వేసి
టేపు మీదుగానే, పట్టాలు దాటించి,
మళ్ళీ గీసింది. పెన్సిలు టేపుకి అంటలేదు.
ధిండ్సా జేబులోంచి పెన్ను తీసిచ్చాడు.

ఆ రాత్రి ఏదీ తేలలేదు.
వచ్చే మంగళవారానికి వాయిదా.

తాళం వేసేముందు బల్ల ఊడ్చాను,
చేతినిండా రబ్బరు పొడి.
గోడమీద నిపుణుడి మ్యాపులు ఇంకా ఉన్నాయి.
నా ఇల్లు ఏ ముక్కలో పడిందో
పదకొండేళ్ళలో మొదటిసారి
వెతకబోయి,
లైటార్పేశాను.