ఇరవై తొమ్మిదో రోజు

ఆదోని కోర్టు గోడవారన, జిరాక్స్ బంకుకు ఆనుకొని
నా టైపు మిషను.
'ఆర్' అక్షరం సగమే పడుతుంది. తక్కినవి పనిచేస్తాయి.
ఖాజా వకీలు ఇంగ్లీషులో రాస్తాడు,
నేను ఇంగ్లీషులో కొడతాను,
ఉసేనమ్మ బల్ల అంచున కూర్చొని
"ఇప్పుడేం కొట్టినావు సా?" అంటుంది.
తెలుగులో చెబుతాను.

అప్పీలుకు ముప్పై దినాల గడువు.
ఇది ఇరవై తొమ్మిదోది.

పేరా నాలుగు: ఆ రాత్రి వీధిలో కరెంటు లేదు.
వెలుతురల్లా దాటిపోయిన ఒక టెంపోది.
పేరా ఐదు: మొదటి దెబ్బ వెనకనుంచి పడింది.
పేరా ఆరు: ముద్దాయి ఫోటోను కానిస్టేబులు తన సెల్లులో
ముందే చూపించినాడు. గుర్తింపు పరేడు నలభై దినాలకు.
పేరా ఏడు: వరసలో నిలబెట్టిన పదిమందిలో
చెవి తెగినవాడు ఒక్కడే.
"బేలు కమ్మి తెగి కొట్టింది సా, మా పెండ్లైన యేడు."
అది పేరాలో లేదు.

పేరా ఎనిమిది: దొంగ మూతికి గుడ్డ కట్టుకొని ఉన్నాడు.
ఇక్కడ ఉసేనమ్మ నవ్వింది.
"కట్టుకోనోడు యార్డులో యాడుండాడు?
దూది ముక్కులో పోతే దగ్గి సస్తారు.
పొద్దుగూకి గేట్లోంచి వచ్చేటప్పుడు
రెప్పల మీద గూడా తెల్లగ దూదే.
ఐదునూర్ల మంది.
నా మొగుణ్ని నేనే నడకను బట్టి పిలుస్తా."

విరూపాక్షి శెట్టిని నేను తప్పుపట్టను.
తలకు ఏడు కుట్లు. పోయిన లక్షా ఎనభై వేలు
సేటు అతని జీతంలోంచి నెలనెలా కోస్తున్నాడు.
"ఆ కండ్లు సచ్చేదాకా మర్సిపోను" అన్నాడట బోనులో.
అబద్ధమాడలేదు.
నిద్దట్లో ఆ గుడ్డ లాగి చూస్తే
రోజూ ఉరుకుందు ముఖమే ఉంటుంది.
సెల్లులోని ముఖం ఆ చీకట్లోకి
ఏ రోజు నడిచిపోయిందో
అతనికి మాత్రం ఎట్ల తెలుస్తుంది?

మా తమ్ముడు పోయిన మూడో నెల
గుంతకల్లు ప్యాసింజరు కిటికీలో వాణ్ని చూసినా.
ప్లాట్‌ఫారం కొసదాకా పరుగెత్తినా.
ఆ పొద్దు ఎవరన్నా బోనెక్కించి అడిగుంటే
ఒట్టేసి చెప్పేవాణ్ని.

పేరా తొమ్మిది సగంలో ఉండగా కాయితం మీద నీడ పడింది.
శెట్టే. చేతిలో ఆస్పత్రి బిల్లులు.
కోత తగ్గించమని సేటుకు ఒక అర్జీ కావాలట.
నా వేళ్లు ఆగినాయి.
ఉసేనమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకొని బల్ల చివరికి జరిగింది.

పదకొండు వాయిదాలు.
ప్రతి వాయిదాకూ ఈమె అతనికెదురుగా
కిటికీ కింద నేలమీద కూర్చుంది.

శెట్టి చెమట తుడుచుకున్నాడు.
ఆమెను తేరిపార చూసినాడు.
"నువ్వు మా వీధిలో పాలుపోసే సుంకమ్మ చెల్లెలివి గదా?"
ఆమె నావైపు చూసింది.
మళ్లీ అతనివైపు.
"కాదు సామీ."
"అట్లే ఉండావు" అన్నాడు. "అచ్చం అట్లే ఉండావు."
తన నీళ్ల సీసా ముందు ఆమెకే ఇచ్చినాడు. ఎండ అట్లాంటిది.
ఆమె పైనుంచి పోసుకొని తాగి
మూత బిగించి తిరిగిచ్చింది.

దీన్ని ఏ పేరాలో కొట్టాలి?
సాక్ష్యం ముగిసినాక జరిగింది లెక్కలోకి రాదంటాడు వకీలు.

అర్జీ కొట్టి పంపించినా. పదిహేను రూపాయలు తీసుకున్నా.
అప్పీలు మళ్లీ మిషనుకు ఎక్కించినా.
"ఇప్పుడేం కొట్టినావు సా?"
ఏమీ కొట్టలేదమ్మా, ఇంకా.

నాలుగున్నర కర్నూలు బస్సుకు గుమాస్తా ఎక్కాల.
ఆరు కాపీలు. కింది కాపీల్లో అక్షరాలు
తడిసిన చీమల్లాగా ఉన్నాయి.
పెన్ను తీసి సగం పడిన ఆర్‌లన్నీ దిద్దుతూ కూర్చున్నా.
ఉరుకుందు పేరులో ఒకటుంది.
ఆరు చోట్లా
ముందు దాన్నే దిద్దినా.