పసుపు డబ్బా

మావాడికి ఎయోబ్ అని పేరు పెట్టింది మా అత్త.
గ్రంథంలో యోబు పడ్డ పాట్లన్నీ తెలిసే పెట్టింది.
ఎనిమిదో ఏట, నేను మిరపకాయలు నూరుతుంటే
నా పక్కనే బిగుసుకుపోయి కూలాడు.
నోట్లోంచి నురగ. నా చేతుల నిండా కారం.
వాణ్ణి ముట్టుకోలేకపోయాను.

ఎంటోటో కొండ మీద అబ్బా గెబ్రెయెస్
చన్నీళ్లు కుమ్మరిస్తూ
వీపు మీద శిలువతో తట్టి అడుగుతాడు:
"నమ్ముతున్నావా?"
కొండ కింద డాక్టర్ మెస్కెరెమ్
తెల్ల బిళ్లలు కాగితంలో చుట్టి
"ఒక్కరోజు కూడా మానకూడదు" అంటుంది.
ఆమె ఏమీ అడగదు. కళ్లద్దాల పైనుంచి చూస్తుంది.
అదీ ఆ ప్రశ్నే.

ఇద్దరికీ అవుననే చెప్పాను.
ఇద్దరి దగ్గరా కొంత దాచాను.

నీళ్లు పరగడుపున పోయించుకోవాలి.
బిళ్ల తిన్నాకే వేసుకోవాలి.
ఈ రెంటి మధ్య నెలల తరబడి
నా కొడుకు ఆకలిని అటూ ఇటూ జరిపాను,
ఇరుకు గదిలో మంచాన్ని జరిపినట్టు.
బిళ్లలు నెతెలా కొంగున ముడేసుకుని
యూకలిప్టస్ చెట్ల చాటుకు పోయి
వాడి నాలుక మీద పెట్టేదాన్ని.
ఎవరి దగ్గర దొంగతనం చేస్తున్నానో
తెలిసేది కాదు.

మొన్న మరియమ్మ పండుగ ముందురోజు,
ఇంకా చీకటి విడవలేదు.
వరసలో నా ముందు ఒకావిడ.
ఒట్టి కాళ్లు, మడమల దాకా బురద,
చంకలో వంటనూనె పసుపు డబ్బా.
కొవ్వొత్తి వెలుగులో పూసలు తిప్పుతున్న
ఆ వేళ్లు చూశాను.
బిళ్లలు లెక్కపెట్టే వేళ్లు.
రెండేసి, రెండేసి.

గుండె గుభేలుమంది.
సంతోషంతో కాదు, నిజం చెబుతున్నాను.
మందుల గుట్టంతా తెలిసిన మనిషి
ఇక్కడికెందుకు వచ్చినట్టు?
ఆ బిళ్లల గురించి నాకు చెప్పనిదేదో
ఆమెకు తెలుసన్నమాట.
ఆ తర్వాతే, చాలా ఆలస్యంగా, తట్టింది:
ఇన్నాళ్లూ నా బరువంతా తెచ్చి
ఆమె బల్ల మీద దించానే,
తన బరువు ఆమె ఎక్కడ దించుకుంటుంది?

అబ్బా ఆమెనూ అడిగాడు.
నీళ్ల చప్పుడులో జవాబు వినబడలేదు.
వణుకుతూ ఇవతలికి వచ్చి నన్ను చూసింది.
నా పొడి నెతెలా తీసి ఇచ్చాను,
కొంగు ముడి విప్పడం మరిచి.
ముడి ఆమె అరచేతికి తగిలింది.
ఒకసారి తడిమి చూసింది.

"తిన్నాడా?"
"ఇంకా లేదు."
"ముందు ఏదైనా పెట్టు."
డబ్బా ఎత్తుకుని
జారుడు మెట్లు దిగిపోయింది.

ఆ నీళ్లు ఎవరికోసమని అడగలేదు.
మంగళవారం ఆస్పత్రిలోనూ అడగలేదు.
ఉతికిన నెతెలా మడతపెట్టి ఇచ్చింది, దానిపైన పొట్లం.
ఎప్పుడూ ఇంటికొచ్చి తిరిగి లెక్కపెట్టేదాన్ని.
ఆ రోజు లెక్కపెట్టలేదు.

రాత్రి ఎయోబ్ నిద్రలో ఒకసారి వణికాడు.
చలికో, దానికో.
దగ్గరికి లాక్కున్నాను.
ఈసారి నా చేతులకు కారం లేదు.